బొబ్బిలి పాతకోట, సాలూరు కొండదారి

సాలూరును చూడని సోదరీమణులకు ముందుగా దాని ఉనికిని చెప్పవలెను. విజయనగరమునుండి వాయవ్యముగా పోవు పెద్దబాట గజపతినగరమును, రామభద్రపురమును దాటి, వరిపొలముల నడుమ సాగి, తూర్పు కనుమల పాదముకడ ఎక్కుటకు ముందు కొంచెము నిలిచినట్లుండు తావున ఈ ఊరున్నది. ప్రక్కను వేగవతీనది. పడమటివైపు ఏ వీధి చివర నిలిచినను కొండయే కంటబడును. 1913లో బొబ్బిలినుండి వేసిన చిన్న రైలుమార్గము ఇచ్చటనే అంతమైనది. కొండనెక్కు సాహసము దానికి లేకపోయెను. ఆ సాహసమును సాలూరు లారీలు చేసినవి. ఇంటికొక లారీ యున్నదని వేడుకకు చెప్పుకొందురు. సందుసందునను లారీలకు బల్లలు బిగించు సుత్తుల మ్రోత వినవచ్చుచుండును. చిరకాలము విజయనగరము జిల్లాలోనుండిన ఈ పట్టణము 2022 ఏప్రిలునుండి పార్వతీపురము మన్యము జిల్లాలోనికి వచ్చినది.

బంధువుల ఇంటికి సాలూరు వచ్చియుంటిమి. మేము నలుగురము: పిన్నిగారు, వదినగారు, ఇద్దరము అక్కచెల్లెండ్రము. మాలో ఒకతెకు మాత్రమే నిజమైన కెమెరా కలదు. తక్కిన మువ్వురకును చేతిఫోనులే. కార్తీకము వెళ్ళి మార్గశిరము వచ్చిన దినములవి. వానలు వెనుకబడి ఆకాశము కడిగిన పళ్ళెమువలె నుండును గనుక దూరపు బొమ్మలకు ఇంతకంటె మంచి కాలము లేదు. ఒక్క పగటిలో రెండు తావులను చూడవలెనని నిశ్చయించుకొంటిమి. ఒకటి పాడుపడిన పట్టణము, రెండవది కొండ.

పాడుపడిన పట్టణమన్నంతనే హంపి మనసునకు వచ్చును. అచ్చట రాతిరథమున్నది, బజారు స్తంభములున్నవి, గజశాలయున్నది. ఎటు త్రిప్పినను కెమెరాకు పండుగయే. మేము చూడబోయినది అట్టిది కాదు. బొబ్బిలి పాతకోట. 1757లో ఒక్క పగటిలో ఒక సంస్థానపు రాజధాని మంటగలిసిన తావు. నేటి బొబ్బిలి పట్టణము వేరు. కోటయు, బజారును, రాణివాసములును ఆ తరువాత మరియొకచోట లేచినవి. పాతకోట ఉండిన చోట ఒక రాతిస్తంభము తప్ప చూచుటకేమియు లేదు. ఏమియు లేని చోటికి కెమెరాతో పోవుట యేమని మా బంధువులు నవ్విరి. నవ్వు సబబే.

వెలుతురునుబట్టి ప్రయాణము నేర్పరచుకొంటిమి. ఈ సంగతి బొమ్మలు తీయదలచిన సోదరీమణులకు పనికివచ్చును. గోడలు లేని పాడుచోటును నడిమధ్యాహ్నము చూచిన చదునైన నేలయే అగపడును. సూర్యుడు నేలనంటియున్న వేళ పోయినచో, జానెడెత్తు మిట్టకు బారెడు నీడ పడి, కంటికి తెలియని ఎత్తుపల్లములు బయటపడును. పూర్వపు కట్టడముల జాడలు వెదకువారు విమానములనుండి బొమ్మలు తీయుటకు ఉదయ సాయంకాలములనే ఎన్నుకొందురట. కనుక పాతకోటకు తెల్లవారునప్పుడు, కొండపైకి మధ్యాహ్నము తిరిగిన పిమ్మట పోవలెనని పెట్టుకొంటిమి. కనుమలు సాలూరునకు పడమటి దిక్కున నున్నవి గదా. సాయంకాలము ఊరినుండి చూచిన సూర్యుడు కొండవెనుక పడి, కొండ నల్లని గోడవలె నిలుచును. పైకెక్కి తూర్పునకు తిరిగినచో అదే సూర్యుడు మన వీపున నుండి క్రింది మైదానమునంతటిని వెలిగించి చూపును.

చీకటితో బయలుదేరితిమి. బండి నడుపు అబ్బాయి మా బంధువుల పొరుగింటివాడే. రామభద్రపురపు కూడలికడ కూరగాయల బస్తాలు అప్పుడే దిగుచుండెను. బొబ్బిలి చేరుసరికి తూర్పు తెల్లబారినది.

యుద్ధస్తంభము చదరపు పీఠముపై సన్నగా పైకి పోవుచున్నది. 1891లో బొబ్బిలి మహారాజావారు తమ పూర్వుల జ్ఞాపకార్థము దీనిని ఎత్తించిరి. అనగా యుద్ధము జరిగిన 134 సంవత్సరములకు. అంతవరకు ఆ నేలకు గురుతుగా నిలిచినవి కథలు చెప్పువారి తంబురాలే.

ఆ కథ మన ఇండ్లలో తెలియనిదెవరికి? అయినను సంగ్రహముగా చెప్పెదము. కథలో కొన్ని వరుసలు గట్టిగా పాడబడి కొన్ని మెల్లగా దాటిపోవును గనుక. బొబ్బిలివారికిని విజయనగరమువారికిని చిరకాలపు పొరుగు వైరము. సరిహద్దు తగవులు, కాలువనీటి తగవులు. ఆ దినములలో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో నుండెను. వారి సేనాని బుస్సీ దొర కప్పములు వసూలు చేయుటకు సేనతో వచ్చినప్పుడు, విజయనగరపు విజయరామరాజు అతనితో చేరి, బొబ్బిలిపై దండు నడపించెను. కోట విడిచి మరియొక తావు పుచ్చుకొమ్మని రంగారావునకు కబురు పోయినది. ఆయన ఒప్పుకొనలేదు. 1757 జనవరి 24వ తేదీన వేకువను ఫిరంగులు మ్రోగినవి. కోటలోనివారు గంటల తరబడి నిలిచి పోరిరి. ఇక కోట నిలువదని తెలిసినంతనే లోపల నేమి జరిగినదో రాబర్టు ఆర్మ్ అను ఆంగ్ల చరిత్రకారుడు ఆ శతాబ్దములోనే వ్రాసియుంచెను. స్త్రీలును బిడ్డలును శత్రువుల చేజిక్కరాదని, వారున్న ఇండ్లకు స్వజనులే నిప్పు పెట్టిరి. మంటనుండి వెలికి వచ్చిన వారిని స్వజనులే పొడిచిరి. ఆ పిమ్మట పురుషులు ద్వారములు తెరచి పోరాడి పడిరి. రంగారావు తుపాకిగుండు తగిలి కూలెను. మూడవ రాత్రి బొబ్బిలి వీరులు విజయరామరాజు గుడారములో జొరబడి ఆయనను చంపిరి. ఆ పని తాండ్ర పాపారాయునిదని మన కథ చెప్పును.

పాపారాయుని పేరు చెప్పినంతనే రోమములు నిక్కపొడుచుకొనును, నిజమే. చిన్ననాట తాతగారి ఒడిలో కూర్చుండి బొబ్బిలికథ విని ఏడ్వనివారు మా వైపున నుండరు. కాని ఆ నేలపై నిలిచినప్పుడు పిన్నిగారు అడిగిన మాట వేరు. "వాళ్ళను ఎవరైనా అడిగారా?" అనిరి. చావుమని చెప్పినవారును, చంపినవారును, పిమ్మట దానిని గౌరవమని పాడినవారును పురుషులే. ఆ యిండ్లలోని స్త్రీలలో ఎందరు తలయూచిరో, ఎందరు బిడ్డనెత్తుకొని తలుపువైపు పరుగెత్తిరో ఏ గ్రంథమును చెప్పదు. కొందరు పరుగెత్తిరని మాత్రము తెలియుచున్నది. లేకున్న గుమ్మముల యెదుట కత్తులతో నిలువవలసిన పని లేకపోవును. వారి శౌర్యమును తక్కువ చేయుటకు ఈ మాట వ్రాయుటలేదు. కాని కోటలో నుండిన వారిలో ఆడువారి మాట ఒక్కటియు మిగులలేదనుట సత్యము.

ఆ మంటలోనుండి ఒక బిడ్డ మిగిలెను. పోరు ముగిసినపిమ్మట ఒక ముసలివాడు ఒక బాలుని చేయి పట్టుకొని వచ్చి, లా అను ఫ్రెంచి అధికారికి అప్పగించి, ఇతడు రంగారావు కుమారుడు, తండ్రి ఆజ్ఞకు మారుగా నేను కాపాడితినని చెప్పెనని ఆర్మ్ వ్రాసెను. ఆజ్ఞను మీరిన ఆ ముసలివానివలననే వంశము నిలిచినది. అతని పేరు అందులో లేదు. అతనికి ఒక విగ్రహము చేయించవలెనన్నచో పాపారాయుని ప్రక్కనే నిలుపవలెనని మా నలుగురి అభిప్రాయము.

సూర్యుడు లేచెను. స్తంభపు నీడ పొడుగాటి వ్రేలువలె పడమరకు సాగెను. అనుకొన్నట్లుగనే నేలలోని మిట్టపల్లములు కొంచెము కొంచెముగా తేలినవి. అవి పాతకోటవియో, మొన్నటి వానకు కొట్టుకొనిపోయిన మట్టియో చెప్పుటకు మేము పండితులము కాము. గడ్డిపై మంచు మెరయుచుండెను. చెల్లెలు కెమెరాను మోకాలి ఎత్తున పట్టుకొని, ముందు గడ్డి, నడుమ ఖాళీ నేల, చివర స్తంభము వచ్చునట్లు తీసెను. తీసినదానిని చూచితిమి. గడ్డి బాగున్నది. స్తంభము బాగున్నది. నడుమనున్న దానికొరకే మేము వచ్చితిమి. అది బొమ్మలో పడలేదు.

పడదు గదా! ఛాయాచిత్రపు విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో, ఫ్రాన్సుదేశమున. బొబ్బిలి కాలినది దానికి 82 ఏండ్లకు ముందు. బుస్సీ దొర వెంట తుపాకులు వచ్చినవి కాని, ఆ దొర దేశస్థులే పిమ్మట కనిపెట్టిన ఆ పెట్టె అప్పటికి లేదు. ఉన్నను ఘోషాలోని స్త్రీలయెదుట దానిని పెట్టనిచ్చువారెవరు? ఛాయాచిత్రములు వచ్చిన తరువాత కూడ పెద్ద కుటుంబముల స్త్రీల బొమ్మలు చాలకాలమువరకు అరుదు. హైదరాబాదులో నిజాముగారి ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు 1892లో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో పెట్టి, పురుషుల నీడ సోకకుండ, దాని నిర్వహణము ఒక ఆంగ్ల స్త్రీకి అప్పగించెను. ఇంగ్లీషు దొరసాని తీసిన బొమ్మ ఇంటిలోనివారు తప్ప చూడరాదు. అంత దూరమేల? మా అమ్మమ్మగారికి జీవితములో ఒక్కటే బొమ్మ కలదు. బొమ్మ తీసిన ఆయువు తగ్గునని ఆమె నమ్మకము. ఆధారు వచ్చిన కాలమువరకు ఆమె బ్రతికియున్నచో ఏమనియుండెడిదో!

అందుచేత రాణీ మల్లమ్మదేవిని తలచుకొన్నప్పుడెల్ల మన కన్నులకు కట్టునది 1964 నాటి 'బొబ్బిలి యుద్ధము' చలనచిత్రములోని భానుమతిగారి ముఖమే. వదినగారు ఆ సంగతి చెప్పగా మేమందరము ఒక్కసారి కన్నులు మూసికొని చూచితిమి. నలుగురికిని భానుమతిగారే కనుపించిరి. నటి గొప్పతనము కాదనము. కాని ఒక స్త్రీ ముఖము ఎంత పూర్తిగా పోయినదో అప్పుడే తెలిసినది.

మేకలను తోలుకొని ఒక పెద్దాయన వచ్చి నిలిచి, "ఏటి తీస్తన్నారమ్మా? ఇక్కడేటున్నాది?" అని అడిగెను.

"ఏమీ లేదనే తీస్తున్నామయ్యా," అని పిన్నిగారనిరి.

ఆయన నవ్వలేదు. "అవునమ్మా. మా తాత సెప్పీవోడు, రేత్రిపూట ఇటు ఎవులూ వొచ్చీవోరు కారని. దెయ్యాలంటారు గానీ, దెయ్యాలు కాదమ్మా. పిల్లలు పోయిన నేల." అని మేకలను అదలించుకొని పోయెను. ఆ మేకలును, ఎదురుగానున్న లేయెండయు, ఆయన వెనుకతట్టును ఒక్క బొమ్మలో వచ్చినవి. పాతకోటలో తీసినవానిలో అదొక్కటియే ఉంచుకొంటిమి. తక్కినవానిని ఫోనులనుండి తీసివేసితిమి.

తిరుగుముందు గొల్లపల్లిలో వీణలు చేయువారిని చూచితిమి. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగను తొలిచి చేయుదురు. అతుకులు లేని ఆ వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది వేరుగా వ్రాయదగిన విషయము. ఇచ్చట ఒక్క మాట: పనసపొట్టుతో పచ్చబడిన చేతులను బొమ్మ తీయుటకు కిటికీ వెలుతురే చాలును, ఫ్లాషు వేయకుడు.

రామభద్రపురము మీదుగా సాలూరు వచ్చి, భోజనము చేసి, గంట సేపు నడుము వాల్చి, రెండు గంటలకు కొండదారి పట్టితిమి.

ఈ దారిని తొలుత తెరచినది ఉప్పు. సముద్రపు గట్టున పండిన ఉప్పు బంజారాల ఎడ్ల వీపులమీద సాలూరు చేరి, ఇచ్చటనుండి కనుమలనెక్కి జయపురమునకు, బస్తరునకు పోవుచుండెడిది. తిరుగు ప్రయాణమున అవే ఎడ్లు ధాన్యమును, అడవి సరకును దించుచుండెడివి. కొండలలో ఉప్పు పుట్టదు గనుక, పైనివారికి క్రిందివారితో పని తప్పదు. నేడు ఇది జాతీయ రహదారి. ఎడ్ల గంటలకు మారుగా లారీల హారనులు.

ఊరు దాటిన కొలది నిమిషములకే దారి మెలికలు తిరుగసాగినది. ఒకప్రక్క గోడవంటి కొండ, రెండవప్రక్క లోయ. క్రింది మలుపున చీమవలె కనుపించిన లారీ, మనము రెండు మలుపులు తిరుగుసరికి ఎదురుగా గుండెమీదికి వచ్చినట్లుండును. వదినగారు కన్నులు మూసికొని సాలూరు శ్యామలాంబను తలచుకొనిరి. బండి నడుపు అబ్బాయికి మాత్రము చింత లేదు. అతని తండ్రి ఈ దారిని ముప్పదియేండ్లు లారీ నడిపినవాడట. ఇచ్చటి లారీ డ్రైవర్లకు మర్యాద కలదు. ఎక్కువానికి దిగువాడు దారి ఇచ్చును; ఎక్కువాడు మరల ఊపందుకొనుట కష్టము గనుక. మన వీధులలో ఇంతటి తెలివి యెప్పటికి వచ్చునో!

ఎక్కిన కొలది గాలి మారినది. చెట్లు మారినవి. చదునుచేసిన కొండవాలులపై వలిసెచేలు. చివరి పూలు ఇంకను పసుపు చల్లినట్లున్నవి. కోసిన చోళ్ళ మోళ్ళు, అల్లపు మళ్ళు. ఒక మలుపున బండి దిగి వెనుకకు తిరిగి చూచితిమి. ఆ చూపును మాటలలో పెట్టుటకు ప్రయత్నించెదము. మడత పిమ్మట మడతగా కొండలు. దగ్గరిది ఆకుపచ్చ, దాని వెనుకది నీలము, ఆ వెనుకది పొగ. వాని పాదములకడ మైదానము. చెరువులు అద్దపు పెంకులవలె ఒక్కొక్కటి మెరసి ఆరిపోవుచుండెను. తెల్లవారుజామున మేము బయలుదేరిన ఊరు పిడికెడు సున్నపు చుక్కలు. పాతకోట అంతకంటె దూరమున ఎచ్చటనో ఆ పొగలో కలిసియున్నది. కొండలు ఆ దినమున కూడ ఇట్లే నిలిచి, మైదానమున లేచిన పొగను చూచియుండును.

కొండ బొమ్మలు తీయువారికి రెండు మాటలు. ఫోనులో తీసిన కొండ ఎప్పుడును కంటికి కనుపించినంత ఎత్తుగా రాదు. వెడల్పుగా పట్టవలెనను ఆశతో అంతయు చిన్నదై పోవును. దగ్గర నొక చెట్టుకొమ్మయో, దారిపై పోవు మనిషియో, ఒక బండియో ఉండునట్లు పట్టినచో కొండ తన ఎత్తును తానే చెప్పుకొనును. దుమ్ము పట్టిన అద్దమును పైటచెంగుతో కాక, ఉతికిన పాత నూలుగుడ్డతో తుడువుడు. మలుపులలో మాత్రము నిలువకుడు. బొమ్మకొరకు వెనుకకు అడుగువేయుట లోయ అంచున పనికిరాదు. ఇంట నున్నవారు బొమ్మకొరకు ఎదురుచూచుటలేదు, మీకొరకు చూచుచున్నారు.

సుంకి చేరితిమి. ఇది ఒడిషా రాష్ట్రము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరుపడువరకు ఈ కొండలన్నియు విశాఖపట్టణము జిల్లాలోనే యుండినవి. గీత గీసినది ఎచ్చటనో దూరమున. ఇచ్చట దుకాణములలో నేటికిని రెండు భాషలును ఒకే వాక్యములో వినవచ్చును. సాలూరునకు చేరువనున్న కొటియా ఊళ్ళనైతే రెండు రాష్ట్రములును తమవే అనును. ఆ తగవు 1968లోనే సుప్రీముకోర్టు మెట్లెక్కినది. ఆ యూళ్ళలో పలువురకు రెండు ప్రభుత్వముల ఓటరు కార్డులును కలవట. ఒక్క ముఖమునకు రెండు బొమ్మలు! ఇంకను పైకి పొట్టంగి దాటిపోయినచో దేవమాలి కలదు. 1672 మీటరుల ఎత్తు, ఒడిషాలో అదే మొదటి శిఖరము. పగలు చాలదని మేము సుంకికడనే ఆగితిమి.

టీదుకాణము ప్రక్కను నలుగురు కొండస్త్రీలు అడ్డాకుల కట్టలు దించుకొని కూర్చుండియుండిరి. సంతనుండి వచ్చుచున్నారో, మరునాటి సంతకు పోవుచున్నారో. వారిలో ఒక నడివయసు స్త్రీ ముఖమున సాయంకాలపు ఎండ పడుచుండెను. ముక్కునకు మూడు పుడకలు, మెడనిండ పూసలు, నుదుట పచ్చబొట్టు. ఏ చిత్రకారుడైనను నిలిచిపోవు ముఖము. చెల్లెలు కెమెరాపై చేయి వేసి, పిమ్మట తీసివేసి, దగ్గరకు పోయి, "అమ్మా, బొమ్మ తీసుకోవచ్చునా?" అని అడిగెను.

ఆమెకు సంతలో నేర్చిన తెలుగు వచ్చును. "తీయి. అందరూ తీస్తారు," అనెను. కోపము లేదు, సంతోషమును లేదు. వానపడుచున్నదని చెప్పినట్లు చెప్పెను. తరువాత మరల తానే, "పెద్ద కార్లోళ్ళు తీసినారు. పొడుగు గొట్టాలోళ్ళు తీసినారు. నా బొమ్మ నా యింట నేదు," అనెను.

చెల్లెలు కెమెరాను ఎత్తలేదు. మేము కూడ ఆ బల్లమీద కూర్చుండిపోతిమి. ఉదయమునుండి మా తలలో తిరుగుచున్నది ఒక్కటే. పాతకోటలోని స్త్రీల ముఖములు లోకమునకు దక్కలేదని. ఇచ్చట ఒక స్త్రీ ముఖము లోకమునకు దక్కినది. ఏ పట్టణములో ఏ గోడకో, ఏ పుస్తకపు అట్టమీదనో ఉండవచ్చును. తనకు మాత్రము దక్కలేదు. ఆమె పేరైనను ఆ బొమ్మల క్రింద నుండదు; 'కొండజాతి స్త్రీ' అని వ్రాసియుందురు. మన ఇంట పెండ్లిలో ఫొటోలు తీసి, ఆల్బము ఇయ్యకుండ పోయిన వానిని మనము ఊరకుందుమా?

పిన్నిగారు ఆమెకు టీ ఇప్పించి, ఇల్లెక్కడనియు, పిల్లలెందరనియు అడిగిరి. ఇద్దరు కొడుకులు, ఒకడు కేరళకు పనికి పోయినాడు. కూతురు పొట్టంగిలో హాస్టలులో ఉండి చదువుకొనుచున్నది. కొడుకు పోయినప్పుడు వాని ఫోనులో ఆమె బొమ్మను తీసికొనిపోయెనట. "ఆడి దగ్గరున్నాది. నా దగ్గర ఆడిది నేదు," అని ఆమె నవ్వెను. అప్పుడు మొదటిసారిగా నవ్వెను.

"కాగితం మీద అచ్చువేసి పంపిస్తాము. అప్పుడు తీయమంటావా?" అని చెల్లెలు అడిగెను. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. తక్కిన ముగ్గురితో తమ భాషలో ఏదో మాటలాడెను. పిమ్మట లేచి, టీదుకాణము వెనుకకు పోయి ముఖము కడుగుకొని, జుట్టు సవరించుకొని, కొప్పులో దువ్వెన గ్రుచ్చుకొని వచ్చెను. మేము ఎన్నుకొన్న ఎండ అప్పటికి పోయినది. ముఖముపైని ఆ బంగారుచాయ లేదు. అడ్డాకుల కట్టతో కూర్చుండుమని చెల్లెలు అనబోగా, ఆమె కట్టను కాలితో దూరముగా త్రోసి, తిన్నగా నిలువబడి, చేతులు రెండును ప్రక్కలకు దించి, మన అమ్మమ్మలు పాత స్టూడియోలలో నిలిచినట్లు నిలిచెను. కళాభిరుచి కలవారు మెచ్చుకొను బొమ్మ కాదది. ఆమె కోరిన బొమ్మ అది. రెండు తీసితిమి, ఒకటి తానొక్కతె, ఒకటి నలుగురును కలిసి.

చీకటిపడుచుండగా దిగితిమి. ఎదురుగా ఎక్కివచ్చు లారీల దీపములు మలుపు మలుపునకు వెలిగి మాయమగుచుండెను. మైదానమున ఊళ్ళ దీపములు ఒకటొకటిగా పుట్టినవి. వాని బొమ్మ తీయుటకు ఎవ్వరమును ప్రయత్నించలేదు. బండి అదురుచుండగా చీకటిలో తీసిన బొమ్మ గీతలగును. అంతకంటె కిటికీలోనుండి చూచుచు కూర్చుండుటయే మేలు.

మరునాడు సాలూరులో ఒక స్టూడియోలో ఆ రెండు బొమ్మలను పెద్దవిగా అచ్చువేయించి, ప్లాస్టికు పొర వేయించితిమి; కొండ ఇండ్లలో పొయ్యిపొగకు, వానతేమకు వట్టి కాగితము నిలువదని స్టూడియో ఆయనే చెప్పెను. నలుగురున్న దానికి నాలుగు ప్రతులు. అన్నిటిని అట్టలనడుమ పెట్టి, సుంకి మీదుగా పోవు లారీ డ్రైవరుచేత టీదుకాణమునకు పంపితిమి. దుకాణదారు ఫోను నంబరు చెల్లెలు ముందుగనే వ్రాసికొనియుండెను. ఎనిమిది దినములకు అతడు ఫోను చేసి, సంతరోజున ఆమె వచ్చి పుచ్చుకొన్నదనియు, దుకాణములోనే విప్పి అందరికి చూపినదనియు చెప్పెను. నలుగురున్న దానిలో ఒకామె కన్నులు మూసికొని పడినదట. ఆమె మాత్రము మరల తీయవలసినదేనని పట్టుపట్టినదట. కూతురు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దానిదికూడ ఒకటి కావలెనని కబురు. ఆ సెలవులెప్పుడో కనుగొని చెప్పుమని దుకాణదారునకు చెప్పియుంచితిమి.